పుట్టుకా, ఒప్పుకోలా? మెన్నోనైట్ల అయిదు శతాబ్దాలు

పదహారో శతాబ్దపు ఐరోపాలో పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తే, ఆ బిడ్డ ఊరికీ చర్చికీ ఒకేసారి చెందినట్టే. జ్యూరిచ్‌లో సంస్కరణకు నాయకుడైన జ్వింగ్లీ కూడా ఈ పద్ధతి జోలికి పోలేదు. ఆయన శిష్యుల్లో కొందరు మాత్రం తెలిసి నమ్మినవారికే బాప్తిస్మం అన్నారు. 1525 జనవరి 21న కాన్రాడ్ గ్రెబెల్, జార్జ్ బ్లౌరాక్‌కు ఆ బాప్తిస్మం ఇచ్చాడు. వీరినే ప్రత్యర్థులు అనాబాప్టిస్టులన్నారు.

చర్చి సభ్యత్వం పుట్టుకతో రాదంటే దాని మీద ప్రభుత్వానికి పట్టు ఉండదు. అందుకే ఇది పాలకులకు తిరుగుబాటుగా కనిపించింది. 1527 జనవరిలో వీరిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. మరుసటి నెలలోనే ష్లైట్‌హైమ్‌లో అనాబాప్టిస్టుల ఏడంశాల విశ్వాస ప్రకటన వెలువడింది. కత్తి పట్టరాదు, ఒట్టు వేయరాదు అన్న నియమాలు అందులోవే.

చెదిరిన ఈ జనాన్ని నెదర్లాండ్స్ ప్రాంతంలో కూడగట్టినవాడు మెన్నో సైమన్స్. 1536లో కాథలిక్ గురుత్వం వదులుకున్న ఈయన పేరే శాఖకు స్థిరపడింది. శాంతివాదం, నిరాడంబర జీవనం, కొన్ని సంఘాల్లో ఒకరి పాదాలొకరు కడిగే ఆచారం వీరి గుర్తులయ్యాయి.

సైన్యంలో చేరబోమన్నందుకు వీరు చాలాచోట్ల ఊళ్లు ఖాళీ చేయాల్సివచ్చింది. మినహాయింపు ఇస్తామన్న రష్యా రాణి కేథరిన్ మాట నమ్మి, ప్రష్యాలోని మెన్నోనైట్లు 1789 నుంచి నేటి ఉక్రెయిన్‌లో స్థిరపడ్డారు. అక్కడ కథ తిరగబడింది. కాలనీలో పుట్టినవాడు ఈడు రాగానే బాప్తిస్మం పొందడం ఆనవాయితీగా మారింది. పుట్టుకను కాదన్న సంఘంలోకే పుట్టుక దొడ్డిదారిన వచ్చింది. దాన్ని నిరసించి 1860లో మొలోచ్నా కాలనీలో మెన్నోనైట్ బ్రదరెన్ శాఖ విడిపోయింది. ముంచి ఇచ్చే బాప్తిస్మం దాని పద్ధతి.

ఈ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో రష్యా నుంచి బయల్దేరి, అమెరికన్ బాప్టిస్టుల అండతో నల్గొండలో పనిచేశారు. 1899లో అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరెన్ వచ్చారు. తర్వాత మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, దేవరకొండల్లో సంఘాలు వెలిశాయి. వాటిలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగలు. పుట్టుక వల్లనే ఊరి చివర నిలబడ్డవారికి, సొంత ఒప్పుకోలుతో దక్కే సభ్యత్వం విలువ వేరు. వారి మునిమనవలు ఇప్పుడు క్రైస్తవ ఇళ్లలోనే పుడుతున్నారు. కాబట్టి 1860 నాటి ప్రశ్న ఇక మహబూబ్‌నగర్‌ది కూడా.