సదరం ధ్రువపత్రం: నలభై శాతం వెనుక చరిత్ర

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దివ్యాంగుల పింఛను దరఖాస్తు గ్రామ సచివాలయానికో మండల పరిషత్ కార్యాలయానికో చేరకముందే దాని భవితవ్యం చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఆధార్, రేషన్ కార్డుల కంటే ముందు అక్కడ అడిగేది ‘సదరం సర్టిఫికెట్’, అంటే ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు పరీక్షించి వైకల్యం ఎంత శాతమో నిర్ధారించి ఇచ్చే ధ్రువపత్రం. అందులోని అంకె నలభైకి తగ్గితే మిగిలిన కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా సాధారణంగా పింఛను మంజూరు కాదు.

శరీర నష్టాన్ని శాతాల్లో చెప్పే పద్ధతి మన దేశంలో పింఛన్ల కంటే పాతది. 1923లో చేసి 1924 జూలై 1 నుంచి అమలులోకి తెచ్చిన కార్మిక నష్టపరిహార చట్టం, ఏ అవయవం పోతే కార్మికుని సంపాదన శక్తి ఎంత తగ్గినట్టు భావించాలో ఒక పట్టికగా చెప్పింది. తర్వాతి కాలంలో స్థిరపడిన రూపంలో చేతి బొటనవేలికి 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లకు 50 శాతం అని ఆ పట్టిక నిర్ణయించింది. యంత్రం కింద చేయి నలిగిన మనిషికి ప్రమాదం జరిగిన తేదీ ఉంటుంది, అంతకుముందు వచ్చిన కూలీ ఉంటుంది, పరిహారం చెల్లించవలసిన యజమాని ఉంటాడు కనుక అక్కడ శాతానికి ఒక అర్థం ఉంది. పుట్టుకతో చూపు లేని బిడ్డకు పోల్చుకోవడానికి అటువంటి ‘మునుపు’ లేదు. అయినా వైకల్యాన్ని గుర్తించవలసి వచ్చినప్పుడు ప్రభుత్వాలు ఈ శాతాల భాషనే ఎంచుకున్నాయి, దాని పరిమితులు తర్వాతి చరిత్ర అంతటా కనిపిస్తాయి.

వైకల్యం కలిగినవారికి ప్రభుత్వ సహాయం అందాలని రాజ్యాంగంలోని 41వ అధికరణం ఆదేశిక సూత్రంగా చెప్పింది. పని చేయలేనివారికి, వికలాంగులకు ఉపశమనం కల్పించే బాధ్యతను ఏడవ షెడ్యూలు రాష్ట్రాల జాబితాలో చేర్చింది, పింఛను మొత్తం రాష్ట్రానికో తీరుగా ఉండడానికి మూలం ఇక్కడుంది. వైకల్యానికి ప్రామాణిక నిర్వచనాలను కేంద్రం 1986 ఆగస్టు 6న ప్రకటించగా, 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, నలభై శాతానికి తగ్గని వైకల్యం ఉన్నట్టు వైద్యాధికారి ధ్రువీకరించినవారే దాని కిందికి వస్తారని గీత గీసింది. కొలిచే విధానాన్ని 2001 మార్గదర్శకాలు వివరించాయి. ఒకే మనిషికి 40 శాతం, 30 శాతం చొప్పున రెండు లోపాలుంటే వాటి మొత్తం 70 కాదు. పెద్ద అంకెను 90 నుంచి తీసివేసి, ఆ శేషంతో చిన్న అంకెను గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు, అప్పుడు ఫలితం సుమారు 57 అవుతుంది. కీలు ఎంత వంగుతుందో ఈ గణితం చెప్పగలదు గాని, బస్సెక్కలేనివాడికి ఊళ్లో ఏ పని దొరుకుతుందో చెప్పలేదు.

1995 చట్టం కింద వచ్చిన 1996 నిబంధనలు కనీసం ముగ్గురు సభ్యుల వైద్య మండలిని కోరడంతో, మంచం దిగలేని మనిషిని సైతం ఇంకొకరు కూలి మానుకుని పెద్దాసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చేది. కంటికి కనబడే వైకల్యానికి ఒక్క వైద్యుని ధ్రువీకరణ చాలునని, నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా తెలపాలని 2009 డిసెంబరు సవరణ చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు అదే కాలంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఆధ్వర్యంలో సదరం వచ్చింది. ‘సాఫ్ట్‌వేర్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ డిసేబుల్డ్ ఫర్ యాక్సెస్, రీహాబిలిటేషన్ అండ్ ఎంపవర్‌మెంట్’ అనే పేరుకు ఇది పొడి అక్షరాల కూర్పు. వైద్యుడు నమోదు చేసిన కొలతల నుంచి శాతాన్ని కంప్యూటరే లెక్కించడం వల్ల ఒక ఆసుపత్రికీ మరొక ఆసుపత్రికీ మధ్య తేడాలు తగ్గడానికి వీలు కలిగింది. ఇది నిజమైన మేలు. అయితే దరఖాస్తుదారు సన్నాహం దీనితో తగ్గలేదు, దాని రూపం మారింది. మీసేవలోనో, 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయాల్లోనో స్లాట్ బుక్ చేసుకోవడం, ఆ తేదీకి తోడు మనిషిని, వాహనాన్ని సమకూర్చుకోవడం, ఎక్స్‌రేలు, వినికిడి పరీక్ష పత్రాలు, పాత చికిత్స చీటీలు వెంట తీసుకెళ్లడం ఇప్పుడు కుటుంబం పనిగా స్థిరపడింది.

1995 చట్టం స్థానంలో వచ్చిన 2016 చట్టం వైకల్యాల సంఖ్యను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచి తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్త వ్యాధులను చేర్చింది. బయటికి ఏ గుర్తూ కనబడని ఈ వ్యాధుల్లో రోగికి ఉన్న ఆధారం ప్రయోగశాల నివేదికే కాబట్టి, సికిల్ సెల్ ఉన్న ఏజెన్సీ గ్రామాల ఆదివాసీకి ఆ నివేదిక సంపాదించడమే మొదటి మెట్టు అయింది.

తెలంగాణలో 2014లో 1,500 రూపాయలుగా మొదలైన ఆసరా దివ్యాంగ పింఛను 2023లో 4,016కు చేరింది, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 6,000 అయింది. మొత్తం పెరిగేకొద్దీ అనర్హుల మీద అనుమానం, దానితోపాటు నిఘా కూడా పెరిగాయి. ఆంధ్రప్రదేశ్ 2025లో పాత ధ్రువపత్రాల పునఃపరిశీలన చేపట్టినప్పుడు, శాశ్వత వైకల్యమని అంతకుముందే రాసిచ్చిన పత్రాలున్నవారు సైతం మళ్లీ వైద్యుల ముందు నిలవవలసి వచ్చింది. కొత్త కొలతలో నలభైకి తగ్గినవారికి నోటీసులు అందగా, వారిలో అప్పీలుకు వెళ్లినవారు ఇన్నేళ్లుగా భద్రపరచిన చికిత్స కాగితాలను మరోసారి కట్టగట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లారు.