డోర్నకల్‌లో తిరునెల్వేలి కుటుంబాలు

నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్, మానుకోట ప్రాంతానికి ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో తమిళ కుటుంబాలు వచ్చి కాపురం పెట్టాయి. వాళ్లు వ్యాపారానికి రాలేదు, సర్కారు కొలువుకూ రాలేదు. తిరునెల్వేలి క్రైస్తవులు సొంత ఖర్చుతో పెట్టుకున్న ఒక సంఘం పంపగా వచ్చిన బోధకులు, వాళ్ల భార్యాపిల్లలు. దేశం ఒకటే అయినా వాళ్లకు నిజాం రాజ్యం పరదేశమే. అక్కడి పాలన వేరు, నాణెం వేరు, తపాలా బిళ్ల వేరు, వీధిలో మాటలు వేరు. ఆ పరిస్థితుల్లో పిల్లల్ని పెంచుతూ, ఇరుగుపొరుగుల భాషను తమ పనికి భాషగా చేసుకున్న తీరే ఈ కుటుంబాల చరిత్రలో ముఖ్యమైన విషయం.

ఈ ప్రయాణానికి బీజం 1902లో పడింది. తిరునెల్వేలి ప్రాంతపు వెల్లాలన్‌విళై గ్రామంలో 1874 ఆగస్టు 17న పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య అప్పటికి వై.ఎం.సి.ఎ. కార్యదర్శి. ఆ ఏడు సిలోనులోని జాఫ్నాకు వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తామే బోధకుల్ని బయటికి పంపుతున్నారని చూశాడు. తిరునెల్వేలిలో అంతకంటే పెద్ద క్రైస్తవ సమాజం ఉన్నా అలాంటి ప్రయత్నం లేదు. ఆ లోటు తీర్చడానికి, అజరయ్య చొరవతో 1903 ఫిబ్రవరి 12న పాళయంకోట్టైలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. మనుషులు, డబ్బు, నిర్వహణ మూడూ భారతీయులవే కావాలన్నది దాని నియమం. తెల్లదొరల చేతికింద నడవడమే అలవాటైన చర్చిలో అది చిన్న మాట కాదు. తమిళ ఊళ్లలో ఇల్లాళ్లు వంటకు బియ్యం తీసేటప్పుడు పిడికెడు పక్కన పెట్టి దేవుని పనికి ఇచ్చే ఆనవాయితీ ఇలాంటి పనులకు ఊతం. తర్వాతి కాలంలో ఇవ్వడం గురించి అజరయ్య గట్టిగా బోధించడం వెనుక ఈ పిడికిలి బియ్యపు అనుభవం ఉండి ఉండవచ్చు.

సంఘం తొలి బోధకుడు శామ్యూల్ పాక్యనాథన్ 1904లో మానుకోటకు వచ్చాడు. ఈ మూలకు రావడం వీలైందంటే అది రైలు పుణ్యం. సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా బెజవాడ వైపు సాగిన నిజాం రైలు మార్గం 1880ల చివరికి పూర్తయింది. దాని మీద డోర్నకల్ కూడలి అయింది. అక్కడి నుంచి చీలిన పాయ ఇల్లందు బొగ్గు గనులకు పోయేది. 1899లో మద్రాసు, బెజవాడల మధ్య పట్టాలు కలిశాయి. దాంతో తిరునెల్వేలి కుటుంబం మీటర్‌గేజి బండిలో మద్రాసు చేరి, అక్కడ బ్రాడ్‌గేజి బండి మారి, బెజవాడ మీదుగా డోర్నకల్‌లో దిగవచ్చు. స్టేషను దాటితే మాత్రం అడవి, చెరువులు, మన్నెం జ్వరం.

దిగిన మరుక్షణం నుంచి ఇల్లాలికి లెక్కలు మారిపోయేవి. నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా. ఆరు ఇంగ్లీషు రూపాయలకు సుమారు ఏడు హాలీ రూపాయలు. జీతం మద్రాసు వైపు నుంచి ఒక నాణెంలో వస్తే, అంగట్లో ఉప్పు, పప్పు ఇంకో నాణెంలో కొనాలి. నిజాం తపాలా బిళ్ల రాజ్యం లోపలే పనిచేసేది, పుట్టింటికి రాసే ఉత్తరానికి బ్రిటిషు బిళ్ల అంటించాలి. కచేరీలో ఉర్దూ, ఊళ్లో తెలుగు, తండాల్లో లంబాడీల గోర్ బోలి, అడవి వైపు పోతే కోయ మాట. ఇంట్లో తమిళం. పిల్లవాడి చెవిన ఒక్క రోజులో ఇన్ని భాషలు పడే చోటు మద్రాసు ప్రెసిడెన్సీలో తక్కువ.

అజరయ్య కుటుంబం 1909లో డోర్నకల్‌కు మారింది. వై.ఎం.సి.ఎ. పదవి వదిలి, ఆ ఏడే గురుపట్టం పొంది వచ్చాడు. పట్టణాల్లో పేరు తెచ్చుకున్న ముప్ఫై ఐదేళ్ల మనిషి, తాను స్థాపించిన సంఘం కింద పల్లె బోధకుడిగా కొత్త భాషకు ఓనమాలు దిద్దుకోవడం మొదలుపెట్టాడు. భార్య అంబు మరియమ్మాళ్ శామ్యూల్. 1898లో పెళ్లి చాలా నిరాడంబరంగా జరిగింది. కళాశాల చదువు చదివిన తొలి దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్య బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో ఆ స్థానానికి ఎక్కిన మొదటి భారతీయుడు ఆయనే. పీఠం మద్రాసులో కాక డోర్నకల్‌లో ఉండడం వల్ల ఇల్లు కూడా అక్కడే నిలిచింది.

తమిళం మాట్లాడే ఇంటికి తెలుగు దగ్గరిదే, కానీ దగ్గరితనమే తికమక పెడుతుంది. అమ్మ, అక్క, మామ అనే పిలుపులు రెండిట్లోనూ ఉన్నాయి, మేనరికపు వరసలూ ఒకే తీరు. అందుకే పొరుగింటి పిల్లలతో చుట్టరికం కలపడం సులువు. కానీ తమిళుడికి ‘ఇల్లై’ అంటే లేదు, తెలుగువాడికి ‘ఇల్లు’ అంటే కొంప. తమిళంలో అవ్వ అంటే ముసలామె, తెలంగాణ పల్లెలో బిడ్డ తల్లినే ‘అవ్వా’ అని పిలుస్తాడు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరం కాబట్టి తెలుగు ఒత్తులు పెద్దవాళ్ల నాలుకకు ఓ పట్టాన లొంగవు. వీధిలో ఆడుకునే పిల్లలకు ఈ బాధ ఉండదు. ఏ వలస కుటుంబంలోనైనా పిల్లలే ముందు పలుకుబడి పట్టుకుని, పెద్దలకు దుబాసీలవుతారు.

తిండిలోనూ ఇదే కథ. తిరునెల్వేలి ఇంట్లో వరి అన్నమే ముఖ్యం, ఇక్కడ బీదల కంచంలో జొన్నరొట్టె, గటక. అయినా రెండు చోట్లా ఒక చెట్టు ఉంది, తాటి. అజరయ్య పుట్టిన నాడార్ల ప్రాంతంలో తాటిచెట్టు ఎక్కేది ప్రధానంగా తీపి నీర కోసం. దాన్ని కాచి కరుప్పట్టి అనే నల్లబెల్లం చేస్తారు. తెలంగాణలో అదే చెట్టును గౌడులు గీసేది కల్లు కోసం. పొద్దుటి తీపి నీటికీ సాయంత్రపు పులుపుకీ మధ్య తేడా ఇంటి ఆర్థికానికి, ఆడవాళ్ల కష్టానికి ఎంతగానో సంబంధించినది. డోర్నకల్ సంఘాలు తాగుడు మాన్పించడానికి పడిన తాపత్రయాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి.

డోర్నకల్ సంఘాల్లో చేరినవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలు. దొర ఇంట్లో జీతానికి కుదిరి పశువులు కాయవలసిన పిల్లలు డోర్నకల్ బోర్డింగు బడికి వచ్చారు. అక్కడ చదువుతో పాటు చేతిపని, పొలంపని తప్పనిసరి. అజరయ్యకు బోర్డింగు జీవితం చిన్ననాటి నుంచీ తెలుసు. సవతి అన్న ఆంబ్రోజ్ నడిపిన మెయ్‌ఞానపురం బడిలో ఆయన చదివాడు, అక్కడి హాస్టల్ బాగోగులు చూసింది ఆయన తల్లి ఎల్లెనే. డోర్నకల్‌లో ఉపదేశి శిక్షణకు వచ్చిన పెళ్లయిన యువకులు భార్యాబిడ్డలతో సహా ఉండేవారు. భార్యలకూ చదువు చెప్పే పద్ధతి ఉండేది, దానిలో అంబు మరియమ్మాళ్ చేయి పెద్దది. అక్షరం రాని పల్లెలో చదువుకున్న స్త్రీ ఇల్లు నడిపే తీరు, పిల్లల శుభ్రత, జ్వరం వస్తే చేసే సేవ, ఇవన్నీ ప్రసంగం కంటే ముందు జనం కంటపడే విషయాలు. బిషప్పు పేరు పుస్తకాల్లోకెక్కింది, ఇల్లాలి పేరు ఊళ్లల్లో నిలిచింది. ఇద్దరి పాలూ సమానమే అనడం అతిశయోక్తి కాదు.

బిషప్పు ఎడ్లబండి మీద, గుడారాల్లో ఊళ్లు తిరిగేవాడు. తమిళంలో పుట్టిన మనిషి తెలుగులో రాశాడు, ఆరాధనలో తెలుగు కీర్తనలను, భజనలను ప్రోత్సహించాడు. తర్వాత కృష్ణా జిల్లా వైపు చర్చి మిషనరీ సొసైటీ ప్రాంతం కూడా ఈ పీఠంలో కలిసి, డోర్నకల్ ఆధిపత్యం సముద్ర తీరం దాకా పెరిగింది. 1935 నాటికి పీఠం కింద సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు మించి పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. వాళ్లలో అత్యధికులు తెలుగువాళ్లే. తిరునెల్వేలి నుంచి మనుషుల్ని తెస్తూ ఉండే పని క్రమంగా తగ్గిపోయింది. వచ్చినవారు తమ అవసరం తీరిపోయేలా పనిచేశారు. డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, తామరలు కలిసిన ఆ కట్టడం నిజాం రాజ్యంలోని నేల పోలికలను తీసుకుంది, ఇంగ్లండు గోపురాన్ని కాదు. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న వేర్వేరు చర్చిలు కలిసి దక్షిణ భారత సంఘంగా ఏర్పడగా, ఆయన ఏళ్ల తరబడి పాటుపడిన ఐక్యత ఆయన పోయాక నిజమైంది.

జనగామ వైపు ఈ తిరునెల్వేలి కుటుంబాల కాలంలోనే ఇంకో తరహా పరదేశీ కాపురాలు ఉండేవి. రష్యా సామ్రాజ్యంలో స్థిరపడిన జర్మన్ భాషీయులైన మెన్నొనైట్ క్రైస్తవులు, అమెరికన్ బాప్టిస్టు మిషను నీడలో నల్లగొండకు వచ్చారు. 1889లో రష్యా నుంచి బయల్దేరిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు ఆ దారి తీశారు. తర్వాత సూర్యాపేట, జనగామ ఆ మిషను కేంద్రాలయ్యాయి. 1917 విప్లవం తర్వాత రష్యా నుంచి వచ్చే సాయం తెగిపోయింది. ఎండలకు, రోగాలకు భయపడి తెల్ల మిషనరీలు పిల్లల్ని కొండల మీది బడులకు పంపడం అప్పటి ఆనవాయితీ. 1901లో మొదలైన కొడైకెనాల్ బడి అందుకే పుట్టింది. ఆ పిల్లలు ఏడాదిలో ఎక్కువ కాలం తల్లిదండ్రులకూ, వాళ్లున్న ఊరి భాషకూ దూరంగా పెరిగారు.

ఈ ప్రాంతానికి పరాయి పిల్లల రాక ఇప్పటికీ ఆగలేదు. ఎడ్ల బిడారులతో సరుకులు మోసిన లంబాడీలు రైలు వచ్చాక తండాలు కట్టుకుని స్థిరపడ్డారు. 1976లో వాళ్లకు తెలంగాణలో గిరిజన హోదా దక్కింది. మానుకోట తండాల్లో పిల్లలు ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు మాట్లాడతారు. ఇల్లందులో మొదలైన సింగరేణి బొగ్గు పని భూపాలపల్లికి చేరాక, కాకతీయ గనుల చుట్టూ ఇతర జిల్లాల నుంచి వచ్చిన కార్మికులతో కాలనీలు వెలిశాయి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకూ, వాళ్లకు ఎదురునిలిచిన సల్వాజుడుం దళాలకూ మధ్య హింసకు తట్టుకోలేక గుత్తికోయ గిరిజనులు భూపాలపల్లి, ములుగు అడవులకు వచ్చారు. వాళ్ల గుడిసెలు అటవీ భూమిలో ఉన్నందుకు తొలగింపులు జరుగుతున్నాయి, ఇక్కడ గిరిజన హోదా అందడం కష్టంగా ఉంది. వాళ్ల పిల్లలు అంగన్‌వాడీలో అడుగుపెట్టేసరికి కోయ మాట తప్ప తెలుగు రాదు. తిరునెల్వేలి కుటుంబం వెనుక జీతం పంపే సంఘం, రైలు టిక్కెట్టు, తిరిగి వెళ్లే ఊరు ఉండేవి. గుత్తికోయ తల్లికి ఆ మూడూ లేవు. ఆమె బిడ్డకు తెలుగు నేర్పేది పక్క గూడెం పిల్లలే.