బిగిసిన మోకాలు: విశ్రాంతి నుంచి కదలిక దాకా

మోకాలి ఆపరేషన్ తర్వాత గాయం మానే క్రమంలో లోపల నారలాంటి కణజాలం అల్లుకుంటుంది. కొందరిలో అది హద్దు దాటి, కీలులోని సందులను అతికించేస్తుంది. కాలు ముడుచుకోదు, పూర్తిగా చాపుకోదు. ఇదే ఆర్త్రోఫైబ్రోసిస్.

కీలుకు విశ్రాంతే మందని పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ బలంగా నమ్మాడు. ఆ నమ్మకం చాలాకాలం నిలిచింది. బిగిసిన మోకాలిని మత్తిచ్చి వంచడం మరో మార్గం. అది ఇప్పటికీ వాడుకలో ఉంది.

చేతులతో మెల్లగా కదిలించే మార్గం కథ మనల్ని ఆస్ట్రేలియాకు తీసుకెళ్తుంది. అక్కడ మసాజ్ చేసేవాళ్లు 1906లో సంఘం పెట్టుకున్నారు. 1939లో అది ఫిజియోథెరపీ సంఘమైంది. ఆ వృత్తికి చేతి నేర్పును శాస్త్రంగా మలిచి ఇచ్చినవాడు అడిలైడ్‌కు చెందిన జెఫ్రీ మెయిట్‌లాండ్. 1970లో వచ్చిన ఆయన ‘పెరిఫెరల్ మానిప్యులేషన్’ చేతులు, కాళ్ల కీళ్ల గురించినది. బలంగా వంచడం కాదు, కదలికను అంచెలుగా కొలిచి ఇవ్వడం ఆయన పద్ధతి. మొదటి అంచెలో నొప్పి రేగకుండా చిన్న కదలిక; నాలుగో అంచెలో బిగువు అడ్డుపడే చోటే చిన్న ఊపులు. మోకాలిచిప్పను బొటనవేళ్లతో మెల్లగా కిందికీ పైకీ జరుపుతూ, రోగి ముఖం గమనిస్తూ చేసే పని అది. ఈ చరిత్రలో నాకు అన్నింటికన్నా గొప్పగా తోచే ఘట్టం ఇదే.

అదే కాలంలో కెనడా వైద్యుడు రాబర్ట్ సాల్టర్ కీలును ఆపకుండా కదిలించాలన్నాడు. దాంతో కాలిని వంచి చాపే యంత్రాలు ఆసుపత్రుల్లోకి వచ్చాయి. సిడ్నీ పరిశోధకురాలు లీసా హార్వే బృందం మోకాలి మార్పిడి తర్వాత వాటి ఫలితంపై జరిగిన పరీక్షలన్నీ కలిపి 2014లో సమీక్షించింది. మోకాలు అదనంగా వంగింది సగటున 2 డిగ్రీలే! 2017లో సిడ్నీలోనే 165 మందిపై జరిగిన అధ్యయనంలో, మార్పిడి తర్వాత ఆసుపత్రిలో 10 రోజులు అదనంగా పునరావాసం పొందినవాళ్లు, ఇంటివద్ద వ్యాయామం చేసినవాళ్లకన్నా మెరుగ్గా నడవలేదు.

ఆస్ట్రేలియాలో 1999లో మొదలైన జాతీయ కీళ్ల మార్పిడి రిజిస్ట్రీ, అమర్చిన భాగాలను మార్చిన, తీసేసిన లేదా కొత్తవి చేర్చిన ఆపరేషన్లను లెక్కిస్తుంది. వాటి కారణాల్లో ఆర్త్రోఫైబ్రోసిస్‌నూ నమోదు చేస్తుంది. మత్తిచ్చి వంచిన మోకాలు మాత్రం ఆ లెక్కలోకి రాదు, ఎందుకంటే అక్కడ ఏ భాగమూ మారలేదు. ఆర్త్రోఫైబ్రోసిస్ బాధితుల సంఖ్య తెలియాలంటే అలాంటి మోకాళ్లనూ రిజిస్ట్రీ లెక్కపెట్టాలి.