“నరుడు” అను మాటలో స్త్రీ స్థానము: హంసా మెహతా సేవా చరిత్రపై ఒక పరిశీలన

ఐక్యరాజ్య సమితి 1948 డిసెంబరు 10న విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. దాని మొదటి అధికరణపు ఆంగ్ల పాఠంలో “ఆల్ మెన్” అను మాటకు బదులు “ఆల్ హ్యూమన్ బీయింగ్స్” అను మాట నిలుచుటకు ముఖ్య కారకురాలు భారత ప్రతినిధి హంసా మెహతా. ఆమె క్రైస్తవురాలు కాదు. అయినను ఆమె జీవితము సంఘమునకు ఒక ప్రశ్న వేయుచున్నదని మేము తలంచుచున్నాము.

ఆమె 1897లో సూరత్‌లో జన్మించారు. తండ్రి మనూభాయి మెహతా బరోడా సంస్థాన దివానుగా పనిచేశారు. లండన్‌లో చదువుకొని వచ్చిన తరువాత, డాక్టర్ జీవరాజ్ మెహతాను కులాంతర వివాహం చేసుకున్నారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లారు. 1945-46లో అఖిల భారత మహిళా సభకు అధ్యక్షురాలిగా ఉన్నారు. రాజ్యాంగ సభలో సభ్యురాలై, స్త్రీలకు ప్రత్యేక స్థానాలు కోరలేదు. సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయమునే కోరారు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి సమావేశంలో భారత స్త్రీల పక్షాన జాతీయ పతాకాన్ని సభకు సమర్పించినది ఆమెయే.

1949లో బరోడాలో మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు ఆమె దాని తొలి ఉపకులపతి అయ్యారు. స్త్రీ పురుషులు కలిసి చదువు విశ్వవిద్యాలయానికి మన దేశంలో ఒక స్త్రీ ఆ పదవి వహించుట అదే మొదలు. 1958 వరకు ఆ బాధ్యత నిర్వహించారు. లలిత కళలు, గృహ విజ్ఞానము, సమాజ సేవ అక్కడ ఉన్నత విద్యలో భాగమైనది ఆ కాలములోనే. 1959లో పద్మభూషణ్ పొందారు; 1995లో మరణించారు. ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయము ఆమె పేరుననే ఉన్నది.

మానవ హక్కుల సంఘములో “మెన్” అను మాటలో స్త్రీలు కూడ ఇమిడి ఉన్నారని అధ్యక్షురాలు ఎలినార్ రూజ్వెల్ట్ మొదట వాదించారు. హంసా మెహతా ఒప్పుకొనలేదు. ఇమిడి ఉన్నారని చెప్పినంత మాత్రాన చాలదు. అవసరము వచ్చినప్పుడు ఆ మాటనే చూపి స్త్రీలను విడిచిపెట్టవచ్చునని ఆమె భయము. ఇక్కడ మరియొక సంగతి గమనింపదగినది. మానవులు దేవుని స్వరూపమందు సృజింపబడిరని ఈ ప్రకటనలో చేర్చవలెనని బ్రెజిల్ దేశము ప్రతిపాదించగా, అది తుది పాఠములో చేరలేదు. అనగా లోకము ఆ వేదాంత ఆధారమును స్వీకరింపకపోయినను, ఆ సత్యము కోరు ఫలమును స్వీకరించినది.

మనకైతే ఆ ఆధారమే చేతిలో ఉన్నది. మన తెలుగు బైబిలులో ఆదికాండము 1:27 “నరుడు” అను మాటతో ఆరంభించి, అందులో స్త్రీ పురుషులిద్దరు ఉన్నారని వెంటనే విడమరచి చెప్పుచున్నది. లేఖనమే విడమరచినదానిని మనము మరల మరుగుపరచుట తగునా? తెలుగు పల్లెలకు సువార్తను మోసినవారిలో బైబిలు స్త్రీలు అనేకులు. అయినను దక్షిణ ఇండియా సంఘములో ఒక స్త్రీ బిషప్పు అగుటకు 2013 వరకు వేచియుండవలసి వచ్చినది. ఆ సంవత్సరమున నంద్యాల డయోసీస్‌కు ఇ. పుష్పలలిత గారు అభిషేకింపబడిరి.

కాబట్టి కాపరులారా, వేదాంత విద్యార్థులారా, ఆదివారము “సహోదరులారా” అని పిలుచునప్పుడు, సంఘ కమిటీకి పేర్లు వ్రాయునప్పుడు, ఆ మాటలో, ఆ పట్టికలో ఎవరున్నారో, ఎవరు లేరో ఒకసారి చూచుకొందము.