గొరిల్లా తోలులోని మనిషి: చార్లెస్ గెమోరా వేషనిర్మాణం – ‘ఇంగాగి’ వివాదం

కీలకపదాలు: జంతువేషం, గొరిల్లా, చార్లెస్ గెమోరా, ఇంగాగి, చలనచిత్ర చరిత్ర

ప్రవేశిక

జంతువేషం తెలుగువారికి కొత్త కాదు. దసరాకూ పీర్ల పండుగకూ ఒంటినిండా పసుపురంగు పూసుకొని, నల్లచారలు దిద్దించుకొని, తోక కట్టుకొని డప్పుల మోతకు ఆడే పులివేషగాణ్ణి చూడనివారు అరుదు. ఆ పులి ఫలానావారి అబ్బాయి అని ఊరందరికీ తెలుసు. తెలిసినంతమాత్రాన ఆట రక్తి చెడదు, పైగా ఇనుమడిస్తుంది. పగటివేషగాళ్లు కూడా ఊళ్లో మకాం ముగిసేనాడు ఇంటింటికీ వచ్చి సంభావన పుచ్చుకొనేవారు. వేషం ఎంత నమ్మించినా, నమ్మించినవాడు చివరికి ఎదుటికి వచ్చి నిలబడతాడు.

అమెరికన్ చలనచిత్రాల తొలి దశాబ్దాలలో తయారైన గొరిల్లా వేషాలకు ఈ వెసులుబాటు లేదు. లోపల మనిషి లేడనిపించడంలోనే వాటి విలువ ఉండేది. అటువంటి వేషాన్ని స్వయంగా నిర్మించి, స్వయంగా తొడుక్కొని, చివరికి లోపల ఉన్నది తానేనని ప్రమాణపత్రం ఇవ్వవలసివచ్చిన చార్లెస్ గెమోరా ఉదంతం ఈ వ్యాసానికి విషయం.

ఎవరూ చూడని జంతువు

గొరిల్లాను పాశ్చాత్యశాస్త్రం 1847లో వర్ణించింది. పర్వత గొరిల్లా సంగతి 1902 వరకు దానికి తెలియనే తెలియదు. 1861లో వెలువడిన పాల్ దు షాయూ యాత్రాగ్రంథం ఈ జంతువును రొమ్ము బాదుకొంటూ మీదపడే భయంకర మృగంగా ప్రచారంలోకి తెచ్చింది. జంతుప్రదర్శనశాలలకు తెచ్చిన గొరిల్లాలు బతికేవి తక్కువ. కాబట్టి 1920లలో సినిమా చూసే అమెరికన్‌కు తెరమీది గొరిల్లా ‘సహజంగా’ ఉన్నదో లేదో తేల్చుకొనే ప్రమాణం తాను విన్న కథలే.

ఈ కథలను ఖండించిన వ్యక్తి కార్ల్ ఏక్లీ. న్యూయార్కులోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ తరఫున 1921లో కాంగోకు వెళ్లి గొరిల్లాలను వేటాడి తెచ్చిన ఆయనే, అది శాంతస్వభావం గల జంతువని చాటి దాని రక్షణకు పూనుకొన్నారు. 1925లో అక్కడ ఆల్బర్ట్ జాతీయవనం ఏర్పడింది. ఏక్లీ చచ్చిన జంతువు తోలులో గడ్డి కూరే పాత పద్ధతిని విడిచి, ముందు కండరాలతో సహా దేహాన్ని మట్టితో మలిచి, దానినుంచి అచ్చు తీసి, తేలికైన బోలు ఆకృతిపై తోలు తొడిగేవారు. గెమోరా కూడా శిల్పే. జంతువు రూపం తోలులో కాదు, తోలుకింది కండలో ఉన్నదన్న గ్రహింపు ఇద్దరి పనిలోనూ కనబడుతుంది. తేడా ఒక్కటే: గెమోరా ఆకృతి లోపల మనిషి ఊపిరి పీల్చాలి, నడవాలి, దూకాలి.

వేషనిర్మాణం

గెమోరా 1903లో ఫిలిప్పీన్స్‌లోని నీగ్రోస్ దీవిలో జన్మించారు. చిన్నవయసులోనే అమెరికా చేరి, చేతిపని నేర్పుతో యూనివర్సల్ స్టూడియోలో చోటు సంపాదించుకొన్నారు. ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్’ (1923), ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ (1925) చిత్రాల సెట్లకు శిల్పపు పని చేశారు. 1920ల చివరికి గొరిల్లా వేషాలవైపు మళ్లారు.

ఈ పనిలో మొదటి చిక్కు కొలతలది. గొరిల్లా చేతులు పొడవు, కాళ్లు పొట్టి. మనిషికి ఇది తారుమారు. చేతులకు అదనపు పొడవు అమర్చి, మోకాళ్లు వంచి నడవడం తప్ప మార్గం లేదు. గెమోరా పొట్టిమనిషి కావడం ఇక్కడ కలిసివచ్చింది. భుజాలకూ వీపుకూ రొమ్ముకూ కూర్పు పెట్టి కండలు కట్టేవారు. పైన జడలబర్రె వెంట్రుకలు. గొరిల్లా ఒంటిమీద వెంట్రుక అంతటా ఒకేతీరుగా ఉండదు. ముంజేతిమీద దట్టం, రొమ్ముమీద పలచన. ఈ తేడా పాటించకుండా ఒకే బొచ్చుగుడ్డ చుట్టిన వేషం ఎలుగుబంటిలా కనబడుతుంది. ఆ కాలపు చౌకచిత్రాలలో అలాంటివి కోకొల్లలు.

అన్నిటికన్నా కష్టం ముఖం. ముసుగు దవడ నటుని దవడతోపాటు కదలాలి. కంటిరంధ్రాలలోంచి కనబడేవి మాత్రం మనిషి కళ్లే. చుట్టూ ఉన్న చర్మాన్ని నల్లగా పూసి అతుకు కనబడకుండా చేయాలి. ఇంతచేసీ స్టూడియో దీపాల వేడిలో ఆ బరువు మోస్తూ నటించాలి. 1931లో శాన్‌డియేగో జంతుప్రదర్శనశాలకు రెండు గొరిల్లా పిల్లలు వచ్చాక గెమోరా వాటిని పరిశీలించి తన నడకనూ వేషాన్నీ సవరించుకొన్నారు. ఒకసారి కుట్టి ఊరుకొన్న వేషం కాదది.

‘ఇంగాగి’ వివాదం

రువాండా ప్రాంతపు భాషలో గొరిల్లాకు ‘ఇంగాగి’ అని పేరు. ఆ పేరుతో 1930లో కాంగో పిక్చర్స్ అనే సంస్థ ఒక చిత్రాన్ని విడుదల చేసింది. సర్ హ్యూబర్ట్ విన్‌స్టెడ్ అనే ఆంగ్లేయ అన్వేషకుడు బెల్జియన్ కాంగోలో తీసిన యథార్థచిత్రమని ప్రచారం. అటువంటి అన్వేషకుడే లేడు. చాలా దృశ్యాలు 1910లనాటి మరొక ఆఫ్రికాయాత్ర చిత్రంనుంచి ఎత్తినవి. కొత్తగా కనిపెట్టినట్లు చూపిన విషజంతువు రెక్కలూ పొలుసులూ అతికించిన తాబేలు! పిగ్మీలుగా చూపినవారు లాస్ఏంజెలెస్‌లోని నల్లజాతి పిల్లలు. గిరిజనులు తమ స్త్రీని గొరిల్లాకు అర్పిస్తారన్నది చిత్రానికి పతాకసన్నివేశం. ఆ గొరిల్లా గెమోరా.

తాబేలు మోసం నవ్వుకొని వదిలేయదగినది. గొరిల్లా మోసం అలాంటిది కాదు. అది ఏక్లీ ప్రయత్నించి చెరిపిన అపవాదును జంతువుకు తిరిగి అంటగట్టింది. ఆఫ్రికా ప్రజలను మృగాలతో ముడిపెట్టింది. ఈ రెండు అబద్ధాలూ ప్రేక్షకుల్లో నిలబడటానికి ఆధారం ఒక మంచి పనివాడి నేర్పే. నాసిరకం వేషమైతే సగం హాలు నవ్వి లేచిపోయేది.

శాస్త్రజ్ఞులు సందేహించారు. సినిమా పరిశ్రమ నియంత్రణసంస్థ దర్యాప్తు చేసింది. ఆ గొరిల్లా తానేనని గెమోరా ప్రమాణపత్రం ఇచ్చారు. వేషధారికి తన ముసుగు తానే తీయడం వృత్తిరీత్యా చిన్నవిషయం కాదు. తర్వాతి నిర్మాతకు ఆయన అమ్మవలసినది ఆ భ్రమనే. 1933లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ చిత్రాన్ని యథార్థమని ప్రచారం చేయకూడదని ఆదేశించింది. అప్పటికే అది విశేషంగా డబ్బు చేసుకొంది.

తరువాతి చరిత్ర

గెమోరాకు పని తగ్గలేదు. ‘మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్’ (1932)లో దూరపు దృశ్యాలలో ఆయన వేషం, దగ్గరి దృశ్యాలలో నిజమైన చింపాంజీ ముఖం కలిపి చూపారు. ఈ అతుకు నేటికీ కంటికి తగులుతుంది. లారెల్–హార్డీలతో ‘ది చింప్’ (1932), మార్క్స్ సోదరులతో ‘ఎట్ ది సర్కస్’ (1939) చేశారు. అనేక చిత్రాల పేర్లపట్టికలో ఆయన పేరు లేదు. 1953నాటి ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’లోని అంగారకవాసిని కూతురి సాయంతో నిర్మించి, దాని లోపల తానే మోకాళ్లమీద కూర్చొన్నారు. 1961లో మరణించారు.

1976లో ‘కింగ్ కాంగ్’ మళ్లీ తీసినప్పుడు నిర్మాతలు నలభై అడుగుల యంత్రగొరిల్లా గురించి ఊదరగొట్టారు. తెరమీద ఆ యంత్రం కనబడేది కొద్దిసేపే. మిగిలినదంతా రిక్ బేకర్ అనే యువకుడు తొడుక్కొన్న వేషం; దాని నిర్మాణంలోనూ ఆయన చేయి ఉంది. దృశ్యప్రభావాలకు ఆ చిత్రం అందుకొన్న ప్రత్యేక ఆస్కార్ పురస్కారం ముగ్గురి పేర్లమీద ఉంది. వారిలో బేకర్ లేరు.