పద్నాలుగు పానా, ఎనిమిది మిల్లీమీటర్ల సందు

రాణీగంజ్‌లో ఓ పనిముట్ల దుకాణం ముందు నిలబడి ఉన్నారు మీరు. వెనక ట్రాలీ ఆటో హారన్ ఆపడం లేదు. దుకాణదారు పెద్ద ప్లాస్టిక్ పెట్టె తెరిచి మీ వైపు తిప్పాడు. లోపల వందకు పైగా ముక్కలు, దేని గుంటలో అది, తళతళలాడుతున్నాయి.

"ఒక్కొక్కటి ఏం కొంటరన్నా? ఇది తీస్కోండి, అన్నీ ఉంటయి ఇండ్ల."

మీ ప్యాంటు జేబులో ఒక బోల్టు ఉంది. పాత మారుతి కారు స్టార్టర్ మోటరును పట్టి ఉంచే రెండింటిలో కిందది. పొద్దున సులువుగానే ఊడి వచ్చింది. పైది రాలేదు. అది గేరుబాక్సుకూ ఓ ఇనప బ్రాకెట్‌కూ నడుమ, కంటికి కనపడని చోట ఉంది. చెయ్యి దూరిస్తే వేలి కొసకు తల తగులుతుంది, అంతే. ఇంట్లో ఉన్న ఫిక్స్ పానా దానిమీద కూచుంది గానీ తిరగడానికి చోటు లేదు. పళ్ళు బిగించి లాగారు. జారింది. మీ బొటనవేలి కణుపు దగ్గర చర్మం లేచిపోయింది, ఇప్పుడు చెమట తగిలి మండుతోంది.

ఆ బోల్టు తలకు ఆరు మూలలు. ఒకటి ఇప్పటికే కొంచెం అరిగింది. ఇంకో రెండుసార్లు జారితే తల గుండ్రమైపోతుంది. అప్పుడిక పానా పని చెయ్యదు. పక్కనున్నవన్నీ విప్పాలి, వెల్డింగ్ వాణ్ణి పిలవాలి. ఆ ఖర్చు ముందు పానా ధర ఏపాటి? అందుకే లాగడం ఆపి ఇక్కడికి వచ్చారు.

పెట్టె మూసేయమనండి. మొహమాటపడకండి. మారుతిలాంటి జపాన్ తరహా బళ్ళలో బోల్టు తలలు ఎక్కువగా 10, 12, 14, 17 సైజుల్లోనే ఉంటాయి. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు జపాన్ వాళ్ళు 12 తల పెడతారు, జర్మన్ లెక్కలో అదే బోల్టుకు 13. ఆ పెట్టెలో మీ కారు ఎన్నడూ అడగని సైజులు చాలా ఉన్నాయి. మీ బోల్టు తల 14. మీకు కావలసింది ఆ ఒక్క సైజు, ఒక్క సందులో దూరే ఆకారం. పెట్టెకు పెట్టే డబ్బులో కొంత పెడితే అంతకన్నా మంచి ఉక్కు చేతికొస్తుంది.

"పద్నాలుగు రింగు చూపించన్నా. రెండు మూడు కంపెనీలవి."

ఆ సందు ఎంతో మీకు తెలుసు. పొద్దున వంటింట్లోంచి చపాతీ పిండి ముద్ద తీసుకెళ్ళి బోల్టు తల చుట్టూ గట్టిగా నొక్కారు. మెల్లగా బయటికి తీసి స్కేలు పెట్టి చూశారు. తల పక్కన ఎనిమిది మిల్లీమీటర్లు, పైన పాతిక. కన్ను పోలేని చోటికి పిండి పోయి కొలత తెచ్చింది. పైన పాతికే ఉందంటే సాకెట్టూ, దాని మీద రాచెట్టూ పట్టవు. ఆ ఆశ అక్కడే వదిలేశారు. ఇంకో సంగతి కూడా చూసుకున్నారు: పానా పిడి అటూ ఇటూ ఎంత కదలగలదో. బ్రాకెట్ అడ్డం. మహా అయితే ఇరవై డిగ్రీలు.

ఈ ఇరవై గుర్తుంచుకోండి. మొత్తం బేరం దీని మీదే నడుస్తుంది.

గాజు బల్ల మీద మూడు రింగు పానాలు వరసగా పడ్డాయి. మూడింటి మీదా క్రోమ్ వెనేడియం అనే రాసి ఉంది. ఆ రాత చూసి ఏమీ తేల్చకండి, అచ్చు గుద్దడానికి ఎవరికీ అడ్డం లేదు. జేబులో బోల్టు తియ్యండి. మొదటి రింగు దాని తలమీద పెట్టి కొస పట్టుకుని ఊపండి. టకటకమంటోంది. పక్కకు పెట్టేయండి. రెండోది పెట్టండి. కూచుంది, ఊపితే చాలా కొద్దిగా కదిలింది. మూడోదీ అలాగే. ఈ రెంటినీ దీపం కిందికి పట్టుకుని లోపలి గోడలు చూడండి. ఒకదాని పళ్ళ అంచుల్లో క్రోమ్ గడ్డలు కట్టి ఉంది. గోటితో గీకితే పొరలా లేస్తోంది. రేపు ఆ పొరే మీ వేళ్ళను కోస్తుంది. మిగిలిన దాని లోపల చెక్కుడు శుభ్రంగా ఉంది, పన్నెండు పళ్ళూ ఒకే లోతు. గోడ పలచన, అయినా అంతటా సమానం. సైజు అంకె రంగుతో వేసింది కాదు, ఉక్కులోకి దిగి ఉంది.

ఇప్పుడు బోల్టును ఆ రింగులో ఉంచి, కొంచెం తిప్పి బిగపట్టి, పైనుంచి చూడండి. బోల్టు మూలలు రింగును తాకడం లేదు. మూలకు కాస్త ఇవతల, చదునుగా ఉన్న చోట ఒత్తిడి పడుతోంది. అమెరికాలో స్నాప్-ఆన్ కంపెనీ 1960లలో తెచ్చిన పద్ధతి ఇది. మూలల మీద కాక పక్కల మీద బలం పెడితే తల అరగదు, పట్టూ పెరుగుతుంది. ఆ పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది. అందుకే ఖరీదైన పానాలో ఉన్న ఆ ఆకారం ఇవాళ ఈ బల్ల మీద, మీ జేబు భరించే ధరలో దొరుకుతోంది. చవకగా మంచి పనిముట్టు కొనడం కుదురుతుందని నేను గట్టిగా చెప్పడానికి ఇదే పెద్ద కారణం. నాసిక్‌లో తపారియా, జలంధర్‌లో, రాజస్థాన్ నాగౌర్‌లో ఎన్నో కార్ఖానాలు ఇలాంటివి ఏళ్ళ తరబడి చేస్తున్నాయి. పేరును నమ్మండి, తప్పులేదు. కానీ బోల్టు పెట్టి చూడకుండా మాత్రం ఏ పేరునూ నమ్మకండి.

ఆ పానా మెడ వంగి, పిడి తలకన్నా ఎత్తులో ఉంది. చెయ్యి బ్రాకెట్‌కు పైనుంచి పోతుంది. ఇది తీసుకోండి.

ఆగండి, చాలదు. పన్నెండు పళ్ళ రింగు ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకు మారాలంటే ముప్పై డిగ్రీలు తిరగాలి. మీకున్నవి ఇరవై. ఒకసారి లాగుతారు, బోల్టు కదులుతుంది, తీసి మళ్ళీ పెడదామంటే పళ్ళు కలవవు. ఆరు పళ్ళదైతే మరీ, అరవై డిగ్రీలు కావాలి. తుప్పు పట్టి తల బలహీనమైనప్పుడు ఆరు పళ్ళదే మేలు. మీ సందు అంత చోటివ్వదు.

"రాచెట్ రింగు ఉందా? పద్నాలుగు?"

రెండు రకాలు తెచ్చాడు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పండి. సన్నగా, దగ్గర దగ్గరగా టిక్కులు. డెబ్బై రెండు పళ్ళు అంటే అయిదు డిగ్రీలకు ఒక పట్టు. ఇరవైలో నాలుగు పట్లు! తల మందం చూసుకోండి, మామూలు రింగుకన్నా లావు ఉంటుంది. బోల్టు పెట్టి, పక్కన స్కేలు ఆనించండి. ఏడు. మీ సందు ఎనిమిది. ఒక్క మిల్లీమీటరు మిగిలింది.

రెండు రకాల్లో ఒకటి వాటంగా ఉంది, ధర తక్కువ. దిశ మార్చాలంటే పానానే తిరగేసి పెట్టాలి. రెండోదానికి మెడ దగ్గర చిన్న మీట ఉంది, నొక్కితే దిశ మారుతుంది. కొంచెం ఎక్కువ అడుగుతున్నాడు. ఏది? మీట ఉన్నదే తీసుకోండి. ఎందుకో సాయంత్రం మీ వేళ్ళకే తెలుస్తుంది.

బయటికొస్తుంటే గోడకు వేలాడుతున్న హాఫ్ మూన్ పానా కనిపిస్తుంది, చంద్రవంకలా వంగి. చెయ్యి దానిమీదికి పోతుంది. మీ సందు వంకర కాదు, ఇరుకు. వదిలేయండి. అలాంటి వంపు నిజంగా అవసరమైన రోజు ఆదివారమైతే ఎర్రగడ్డ సంతకు వెళ్ళండి. పాత రింగు పానా ఒకటి చవకగా ఏరుకుని, వెల్డింగ్ షాపులో పిడిని వేడి చేయించి వంచుకోండి. మెకానిక్కులు ఎప్పటినుంచో చేస్తున్న పనే. మంట పిడి మీదే ఉండాలి, తలమీద పడకూడదు. ఎర్రగా కాలిన చోట ఉక్కు తన గట్టిదనం పోగొట్టుకుంటుంది.

ఇల్లు. బానెట్ ఎత్తి ఉంది. నిన్న రాత్రి కొట్టిన తుప్పు నూనె బోల్టు చుట్టూ తడిగా మెరుస్తోంది. మంచిది, మరల్లోకి దిగడానికి రాత్రంతా దొరికింది.

పానా తీశారు. చెయ్యి సందులోకి పోతోంది.

ఆగండి.

బ్యాటరీ?

స్టార్టర్ వెనక లావాటి కేబుల్ చూడండి. నేరుగా బ్యాటరీ పాజిటివ్ నుంచి వస్తోంది. సాధారణంగా దానికి మధ్యలో ఫ్యూజు ఉండదు. తాళం చెవి మీ జేబులో ఉన్నా అందులో కరెంటు ఉంటుంది. మీ పానా ఒక కొస ఆ కేబుల్ నట్టుకూ, ఇంకో కొస ఇంజనుకూ తగిలితే వందల ఆంపియర్లు ఉక్కులోంచి పారతాయి. మెరుపు లేస్తుంది. పానా అతుక్కుపోతుంది. వేలికి ఉంగరం ఉంటే అది కణకణ కాలుతుంది, తియ్యడానికి వీలుండదు.

ఉంగరం తియ్యండి. గడియారం కూడా. బ్యాటరీ నెగటివ్ ముందు విప్పండి. ముందుగా పాజిటివ్ ఎందుకు కాదు? విప్పుతున్న పానా బాడీకి తగిలితే అక్కడే షార్టు. నెగటివ్ ఎలాగూ బాడీతో కలిసే ఉంది, తగిలినా ఏమీ కాదు. విప్పిన కొసను గుడ్డతో చుట్టి దూరంగా తొయ్యండి.

ఇప్పుడు.

మామూలు రింగు ముందు. రాచెట్ కాదు. బిగుసుకున్న బోల్టును కదిలించే దెబ్బ రాచెట్ లోపలి చిన్న పళ్ళు తినకూడదు.

చెయ్యి దూర్చండి. వేలితో తల వెతకండి. దొరికింది. రింగు దించండి. పూర్తిగా దిగిందా? వేలితో అంచు తడమండి. సగమే. మసి గడ్డ అడ్డుంది. గోటితో గీకండి. మళ్ళీ. దిగింది.

తొయ్యకండి. మీ వైపు లాగండి. తోస్తే, జారిన చెయ్యి బ్రాకెట్ అంచుకు తగులుతుంది. లాగితే గాల్లోకే వస్తుంది.

లాగండి. కదల్లేదు.

ఇంకొంచెం. మోచెయ్యి వణుకుతోంది.

పక్కన ఇనప గొట్టం ఉంది. పిడికి తొడిగితే బలం రెట్టింపు. చూపు అటు పోతోంది. వద్దు. ఈ పలచటి గోడ అంత బలానికి పుట్టలేదు. రింగు పగులుతుంది, లేదా బోల్టు తెగుతుంది.

ఊపిరి వదలండి. నెమ్మదిగా, ఒకే ఒత్తిడితో. ఆపకుండా.

టక్.

బోల్టా? మూలా?

కదలకండి. చేతిని అడగండి. మెత్తగా జారిందా? లేదు. గట్టిగా, ఒక్కసారిగా వదిలింది. పానా ఇంకా తలను పట్టుకునే ఉంది.

బోల్టే. వదిలింది!

రింగు తియ్యండి. రాచెట్ పెట్టండి. మీట ఎడమకు. టిక్, టిక్, టిక్, టిక్. నాలుగు పట్లు, ఒక లాగు. మళ్ళీ. బోల్టు మెల్లగా పైకి లేస్తోంది. పని సాఫీగా సాగుతోంది, చెయ్యి వేగం పుంజుకుంటోంది.

వేగం తగ్గించండి. బోల్టు లేచిన కొద్దీ పానా కూడా పైకి పోతోంది. పైన పాతికే ఉంది. వేలు పెట్టి చూడండి. పానాకూ బ్రాకెట్‌కూ మధ్య వేలు పట్టడం లేదు.

తియ్యబోతారు. రాదు. తల దాటేంత ఎత్తు లేదు.

ఇరుక్కుంది.

ముందుకు తిప్పితే ఇంకా బిగుస్తుంది. వెనక్కు తిప్పాలి. మీట లేని పానా అయితే వెనక్కు తిరిగినప్పుడు ఊరికే టిక్కుమంటుంది, బోల్టును తిప్పదు. తీసి తిరగేద్దామంటే బయటికి రాదు. అప్పుడిక బ్రాకెట్ విప్పడమే దారి. మీ బొటనవేలు మీటను వెతుకుతోంది. దొరికింది. నొక్కండి. కుడికి. రెండు చుట్లు బిగించండి. మూడు. ఇప్పుడు పైకి లాగండి.

వచ్చేసింది.

మిగతాది వేళ్ళతో తిప్పండి. మరలు వదులుగా ఉన్నాయి. ఎడమ అరచెయ్యి స్టార్టర్ కింద పెట్టడం మరిచిపోకండి. మూడు నాలుగు కిలోల బరువు, చివరి మర వదిలిన క్షణాన ఒక్కసారిగా చేతిలో పడుతుంది. పడింది. కేబుళ్ళు విప్పి కిందికి దించండి.

బోల్టును వెలుతురులో చూడండి. ఒక మూల అరిగింది, పొద్దున మీ ఫిక్స్ పానా చేసిన పని. దీన్నే మళ్ళీ బిగించకండి, ఇంకోసారి విప్పేటప్పుడు ఈ మూలే జారుతుంది. తలమీదున్న అంకె బలానికి గుర్తు. అదే అంకె, అదే పొడవు ఉన్నది తెచ్చుకోండి. మర కూడా చూసుకోండి. పది మిల్లీమీటర్ల బోల్టంటే మామూలు హార్డ్‌వేర్ దుకాణంలో 1.5 పిచ్‌ది చేతిలో పెడతారు, జపాన్ బళ్ళలో ఎక్కువగా ఉండేది 1.25. రెండూ చూపుకు ఒకలాగే ఉంటాయి. పాత బోల్టును, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి మరలు ఒకదానిలో ఒకటి కూచోబెట్టండి. సందు లేకుండా కూచుంటే కొనండి. బిగించేటప్పుడు స్టార్టర్‌ను ఎత్తి పట్టుకుని, ముందు వేళ్ళతోనే నాలుగైదు చుట్లు ఎక్కించండి. వేళ్ళతో ఎక్కకపోతే పానా జోలికి పోకుండా బోల్టును వెనక్కు తీసి, మర శుభ్రం చేసి, మళ్ళీ మొదలుపెట్టండి.