ఇసుక గూడు కట్టే అమీబా

అమీబాకు ఆకారం లేదని పాఠంలో చదివాం. కానీ గూడు ఉన్న అమీబాలూ ఉన్నాయి! డిఫ్లూజియా చెరువు అడుగున సన్నటి ఇసుక రేణువులను ఒంట్లోకి తీసుకుని దాచుకుంటుంది. అది రెండుగా చీలేటప్పుడు ఆ ఇసుకతోనే పిల్లకు గూడు తయారవుతుంది.

మన దేశంలో వీటిని తొలినాళ్లలో పరిశీలించినవారిలో హెన్రీ జాన్ కార్టర్ ఒకరు. ఆయన బొంబాయిలో సర్జన్. 1856లో బొంబాయి దీవి మంచినీటి సూక్ష్మజీవుల గురించి రాస్తూ, గూటి నోరు మూడు రేకులుగా ఉన్న జాతికి డిఫ్లూజియా ట్రైకస్పిస్ అని పేరు పెట్టారు. తరువాత అమెరికాలో జోసెఫ్ లీడీ డిఫ్లూజియా లోబోస్టోమాను వర్ణించారు. దాని నోటికి మూడు నుంచి ఆరు రేకులు. ఇక్కడే చిక్కు వచ్చింది. మూడు రేకులది దొరికితే ఏ పేరు పెట్టాలి? రెండూ ఒకటేనన్నవారూ ఉన్నారు, కాదన్నవారూ ఉన్నారు.

చెన్నైలో ఒక కోనేటి మెట్ల పాచిని మేం మైక్రోస్కోపులో చూసినప్పుడు ఒక ఖాళీ గూడు కనబడింది. నేను తొందరపడి ట్రైకస్పిస్ అని రాసేశాను. "రేకులు లెక్కపెట్టావామ్మా?" అని టీచరు అడిగారు. గూడు పక్కకు ఒరిగి ఉంది, నోరే కనబడలేదు. సూదితో తిప్పబోతే కాస్తా నలిగిపోయింది. నోటుబుక్కులో డిఫ్లూజియా అన్న మాట ఉంచి, రెండో మాట కొట్టేశాను.